నాంచారయ్య తాగవలసిన తొంభై మిల్లీలీటర్లు

మా మండలిలో మందు తాగేవాళ్ళు ఒక్కరూ లేరు. ఇది గొప్పకి చెబుతున్న మాట కాదు, రికార్డులో ఉంది. ఆ రికార్డు రాసింది నేనే కాబట్టి నాకు ఇంకాస్త బాగా తెలుసు.

మాది రాష్ట్ర రహదారి మర్యాదల అభివృద్ధి మండలి. విజయవాడ గవర్నరుపేటలో ఒక చీరల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉంటాం. రోడ్డు మీద జనం ఒకరికొకరు మర్యాద ఇచ్చుకునేలా చూడటం మా పని. కింద రోడ్డు మీద జనం ఒకరినొకరు ఏమనుకుంటున్నారో కిటికీలోంచి స్పష్టంగా వినపడేది. పనికి ఆటంకంగా ఉందని కిటికీలు మూసి ఏసీ పెట్టించుకున్నాం. నా పేరు శేషావతారం. సూపరింటెండెంటుని. ఇరవై ఆరేళ్ళుగా ఫైళ్ళు రాస్తున్నాను. ఒక్క ఫైలూ నన్ను వేలెత్తి చూపలేదు.

పోయిన వేసవిలో మా అధ్యక్షులు చక్రధరరావుగారికి, విదేశాల్లో రోడ్డు మర్యాదలు ఎలా ఉంటాయో కళ్ళారా చూడాలనిపించింది. ఆయనకి అనిపిస్తే మండలికి అనిపించినట్టే. ఆయనా, కార్యదర్శి భుజంగరావుగారూ, ఇంకో ఇద్దరు సభ్యులూ కలిసి ఒక చల్లటి దేశంలో పన్నెండు రోజులు కారు వేసుకుని తిరగాలని తీర్మానమైంది.

"అధ్యయనం అంటే కుర్చీలో కూర్చుని చేసేది కాదయ్యా అవతారం. చక్రం కదలాలి," అన్నారు అధ్యక్షులు.

చక్రం కదలాలంటే డ్రైవరు కావాలి. మండలి పని మీద తిరిగే బండిని మండలి డ్రైవరే నడపాలని మా నిబంధన. ఏ దేశంలో అనేది అందులో లేదు. మాకున్నది ఒక్క డ్రైవరు, నాంచారయ్య. దివిసీమ మనిషి. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీదే నడుపుతున్నాడు. అయితే కాంట్రాక్టు మనిషిని విదేశం పంపటానికి వీల్లేదు, పర్మినెంటు అయి ఉండాలి. పదకొండేళ్ళుగా కదలని నాంచారయ్య పర్మినెంటు ఫైలు, అధ్యక్షులవారి ప్రయాణం పుణ్యమా అని మూడు రోజుల్లో మూడు బల్లలు దాటింది. ఇక ఆఖరి సంతకం ఒక్కటే మిగిలింది.

"నిజంగా అయిపోద్దంటారా అవతారంగారూ?" అని అడిగాడు నాంచారయ్య, జీపు అద్దం తుడుస్తూ. ఈ ప్రశ్న అతను నన్ను అడగటం అదే మొదటిసారి. అడిగితే కాదంటారేమోనని ఇన్నేళ్ళూ అడగలేదట.

సరిగ్గా అప్పుడే వీసా ఏజెంటు ఇచ్చిన కాగితాల్లో నాలుగో పేజీ చదవటం జరిగింది. ఆ దేశంలో కారు నడిపేవాళ్ళు తాగారో లేదో ఊది చూసుకునే సొంత పరికరం ఒకటి బండిలో ఉంచుకోవాలని అందులో ఉంది. అంతే, 'వ్యక్తిగత శ్వాస పరిశీలన పరికర ఎంపిక ఉపసంఘం' ఏర్పడింది. అధ్యక్షులవారే దానికీ అధ్యక్షులు.

డీలరు మూడు రకాలు పంపాడు. మొదటిది గాజు గొట్టం, దానికో సంచి. తాగినవాడు సంచిలోకి ఊదితే గొట్టంలో పసుపు రంగు ఆకుపచ్చగా మారుతుంది. ఒక్కసారే పనికొస్తుంది. రెండోది అరచేతిలో పట్టే యంత్రం. అంకెలు చూపిస్తుంది, సరిచూసినట్టు సర్టిఫికెట్టు కూడా ఉంది. మూడోది తాళంచెవులకి తగిలించుకునేది. దానికి ఒక చిన్న దీపం, అంతే. తాగకపోతే పచ్చ, తాగితే ఎరుపు.

భుజంగరావుగారు గాజు గొట్టాన్ని వెలుతురుకెత్తి చూసి అన్నారు: "చట్టప్రకారం పరికరం బండిలో ఉండాలి. ఊదితే అది వాడబడినది అవుతుంది. వాడబడినది లేనట్లే లెక్క. అనగా, తాగలేదని రుజువైన మరుక్షణం మనం నేరస్థులం."

"రెండు కొంటే?" అన్నారొక సభ్యులు.

"రెండవది పనిచేయునో లేదో ఊదకుండా ఎట్లు తెలియును?"

"దానికి మూడోది..."

పంతొమ్మిదోదాకా వచ్చాక టీ వచ్చింది. గాజు గొట్టాన్ని పక్కన పెట్టేశారు.

మిగిలిన రెండింట్లో ఏది కొనాలో తేల్చటానికి మా కొనుగోళ్ళ నిబంధనల్లో పదిహేడో పేరా తీశారు. 'వస్తువును వాడబోవు వ్యక్తియే స్వయముగా వాడి చూడవలెను.' ఇది కుర్చీల గురించి రాసుకున్నది. పూర్వం ఒక అధ్యక్షులవారు కొత్త కుర్చీలో పట్టక మూడు నెలలు నిలబడి పరిపాలించారు, అప్పుడు పెట్టిన పేరా. పరికరాన్ని వాడబోయేది డ్రైవరు కాబట్టి నాంచారయ్యని పిలిచి రెండింట్లోనూ ఊదించారు. రెండోది సున్నా అంది. మూడోది పచ్చదీపం వెలిగించింది.

"బ్రహ్మాండం, రెండూ పనిచేస్తున్నాయి," అన్నారు అధ్యక్షులు.

"మన్నించాలి," అన్నారు భుజంగరావుగారు. "చెడిపోయిన పరికరమూ సున్నాయే చూపును. తాగనివాడు ఊదుట వలన ఏమియు రుజువు కాదు. వాడబోవు వ్యక్తి తాగి ఊదినప్పుడే పరికరము యొక్క చిత్తశుద్ధి బయటపడును."

అందులో తప్పు పట్టటానికి నాకూ ఏమీ కనపడలేదు.

"నేను తాగనండి," అన్నాడు నాంచారయ్య. "మానేసి తొమ్మిదేళ్ళయింది."

"చాలా సంతోషం," అన్నారు అధ్యక్షులు. "మండలి నిన్ను అభినందిస్తున్నది. ఒక తొంభై మిల్లీలీటర్లు పుచ్చుకుని రా."

ఆ మనిషి ముఖం చూసి నేను చిన్న సవరణ చెప్పాను: తాగే అలవాటున్న ఉద్యోగులెవరైనా ఊదవచ్చు కదా అని. సరేనని ఆఫీసంతా సర్క్యులరు తిప్పాం. 'మద్యము సేవించు అలవాటు గలవారు మూడు దినములలో తమ పేర్లు వ్రాతపూర్వకముగా ఇవ్వగలరు.' ఒక్క పేరూ రాలేదు. మందు తాగటం ఉద్యోగధర్మానికి విరుద్ధమని మా నిబంధనల్లోనే ఉంటే ఎవరు రాసిస్తారు? అడక్కపోయినా పద్నాలుగు మంది తాము తాగమని రాసిచ్చారు. నేనూ ఇచ్చాను. 'మండలిలో మద్యపానం: శూన్యం' అని నేను నివేదిక పెడితే అధ్యక్షులవారు దాన్ని పత్రికలకి పంపించారు.

ఇక మిగిలింది నాంచారయ్య. మెమో తయారైంది. అందులో వాక్యాలు దిద్దింది నేనే:

'డ్రైవరు శ్రీ నాంచారయ్య తొంభై మిల్లీలీటర్ల మద్యమును మండలి ప్రాంగణము వెలుపల సేవించి, గురువారం ఉదయం పదకొండు గంటలకు ప్రాంగణము లోపల ఊదవలసినదిగా ఆదేశించడమైనది. సేవించు సమయమున ఆయన సెలవులోను, ఊదు సమయమున విధులలోను ఉన్నట్లు పరిగణించబడును. తప్పినచో పర్మినెంటు ప్రతిపాదన ఉపసంహరించబడును.'

మా మండలిలో కాగితం ఇవ్వటానికీ ఒక పద్ధతుంది. మనిషి ఎదురుగా ఉన్నాడు కదా అని చేతిలో పెట్టెయ్యకూడదు. ఏ చిరునామాకి రాశామో ఆ ఇంటికే వెళ్ళి, ఇంటి లోపల, కుటుంబసభ్యుల ఎదుట ఇచ్చి, సంతకం తీసుకోవాలి. ఒకప్పుడు ఒక గుమాస్తాకి గేటు దగ్గర ఉత్తర్వు ఇస్తే, గేటు ముందు స్థలం మునిసిపాలిటీదని కోర్టుకెళ్ళి నెగ్గాడు. అప్పటినుంచీ ఈ పద్ధతి. అందుకని ఆ మంగళవారం సాయంత్రం నేను జీపెక్కి, నాంచారయ్యకి మెమో ఇవ్వటానికి నాంచారయ్య ఇంటికి వెళ్ళాను. జీపు నడిపింది నాంచారయ్యే.

కృష్ణలంకలో ఏటికట్ట కింద చిన్న డాబా. గుమ్మంలో ఒక అమ్మాయి చెయ్యి అడ్డంపెట్టి నిలబడి ఉంది. అతని కూతురు నాగదుర్గ, ఇంటర్ రెండో సంవత్సరం. నాంచారయ్య చెప్పులు విడిచి, కాస్త వంగి, నోరు తెరిచాడు.

"ఏదీ, ఊదు నాన్నా."

ఊదాడు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగి, చెయ్యి తీసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మీరూ అంకుల్. ఏమనుకోకండి, మా ఇంట్లోకి వచ్చే మగాళ్ళందరికీ ఇదే."

మంగళవారం, శనివారం నేను మందు ముట్టను. ఆ రోజు మంగళవారం కావటం వల్ల గట్టెక్కాను.

లోపల కూర్చున్నాక నాంచారయ్య తనే చెప్పాడు. తొమ్మిదేళ్ళ కిందట తాగి, ఎనిమిదేళ్ళ పిల్లని మోపెడ్ ముందు నిలబెట్టుకుని వారధి దిగుతూ పడేశాడు. పిల్ల ఎడం మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేదు. ఆసుపత్రినుంచి వచ్చిన మర్నాటి సాయంత్రం, కట్టు కట్టిన చేత్తో గుమ్మంలో నిలబడి, ఊదమంది. ఊదాడు. ఆ రోజు లోపలికి రానివ్వలేదు. అదే ఆఖరు.

మెమో ఇచ్చాను. నాంచారయ్య వేలు పెట్టుకుని చదివాడు.

"అంటే తాగితే ఉజ్జోగం, తాగకపోతే లేదు. అంతేనాండీ?"

"పరీక్ష కోసమేనయ్యా. ఆఫీసే రాసిచ్చింది కాబట్టి తప్పు కిందకి రాదు."

"తప్పు కాదని మీరు రాశారు. సాయంత్రం ఇది ఊదమంటే ఏం చెయ్యను? ఈ కాగితం చూపించనా?"

నాకు సిగ్గేసింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను దిద్దిన వాక్యం చూసి నాకే సిగ్గేయటం అదే మొదటిసారి. దుర్గ మెమో తీసుకుని రెండుసార్లు చదివింది.

"అందినట్టేగా నాన్నా, సంతకం పెట్టెయ్. గురువారం నేనూ వస్తాను," అంది.

గురువారం పదకొండింటికి ఉపసంఘం కూర్చుంది. రెండు పరికరాలూ పళ్ళెంలో పెట్టి ఉన్నాయి. నాంచారయ్య ఉతికిన యూనిఫాంలో వచ్చాడు, పక్కన కూతురు.

"సేవించితివా?" అన్నారు భుజంగరావుగారు.

"లేదండి."

"లేదన్నచో మెమో?"

దుర్గ ముందుకొచ్చింది. "తాగినవాళ్ళు ఊదాలి, అంతే కదా సార్ మీకు కావలసింది? మా నాన్నే ఎందుకు? ఇక్కడ ఇంతమంది ఉన్నారుగా."

"మండలిలో మద్యపానం శూన్యమమ్మా," అన్నారు అధ్యక్షులు నవ్వుతూ. "పేపర్లో పడింది, చూళ్ళేదూ?"

"అయితే ఊదండి సార్."

పిల్ల సరదా పడుతోందనుకున్నారు. అధ్యక్షులవారు కుర్చీలోంచి ముందుకి వంగి పెద్దగా ఊదారు. ఆ పిల్ల కళ్ళు మూసుకుంది.

"రాత్రిది సార్. ఇంకా పోలేదు."

భుజంగరావుగారు, "బాల్య చాపల్యము," అంటూ విసుక్కున్నారు. ఆ ఊపిరి ఆమె ముఖానికి తగిలింది.

"ఇది ఇప్పటిదే. యాలక్కాయ వేసుకున్నారు."

ఇద్దరు సభ్యులకీ ఒకేసారి ఫోన్లు వచ్చాయి, బయటికెళ్ళారు. దుర్గ నా వైపు చూసింది. నేను మినిట్స్ రాస్తున్నాను కాబట్టి ఊపిరి బిగబట్టి రాశాను.

పిల్లమాట తప్పని రుజువు చెయ్యటానికి అధ్యక్షులవారు రెండో పరికరం అందుకుని ఊదారు. అది కీచుమంది. అంకెలు చూసి, గబుక్కున బోర్లా పెట్టేశారు. భుజంగరావుగారు ఊదితే ఇంకా పెద్దగా అరిచింది. కింద చీరల దుకాణంవాళ్ళు ఏమైందని పైకొచ్చారు. ఇక మూడోది తీసుకుని ఇద్దరూ ఊదారు. చల్లగా పచ్చదీపం వెలిగింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంకోసారి ఊదారు. పచ్చదీపమే.

ఆ సమావేశపు తీర్మానం నా చేతిరాతలోనే ఉంది: 'రెండవ పరికరము అస్థిరముగాను, మూడవ పరికరము ఉన్నతాధికారులందరి విషయములో నిలకడగాను ప్రవర్తించినందున మూడవ దానిని ఎంపిక చేయడమైనది. ఉపసంఘము ఎదుట హాజరైన నాలుగవ పరికరము (బాలిక, పదిహేడు సంవత్సరములు) అతి సున్నితమైనదిగా కనుగొనబడినందున మండలి అవసరములకు తగదని నిర్ణయించడమైనది.'

నాంచారయ్య ఊసే ఎత్తలేదు. మూడో పరికరం అందరికీ నచ్చాక ఇక అతను తాగాల్సిన పని లేదు. అయితే అంత ముక్కున్న కూతురు ఇంట్లో ఉన్న డ్రైవరుతో పన్నెండు రోజులు ఒకే కారులో తిరగటం ఎవరికీ ఇష్టం లేకపోయింది. మండలి డ్రైవరే నడపాలన్న నిబంధనని గంటలో సడలించారు. కారు భుజంగరావుగారే నడుపుతారని ఉత్తర్వు వచ్చింది. పర్మినెంటు ఫైలు మీద 'ప్రస్తుతము అవసరము లేదు' అని రాసి కిందకి పంపారు. ఆ ఫైలు వెనక్కి రావటానికి మూడు రోజులు కూడా పట్టలేదు.

నలుగురూ విమానమెక్కారు. అక్కడేం జరిగిందో నాకు వాళ్ళ నివేదికవల్లే తెలిసింది. నాలుగో రోజు మధ్యాహ్నం, భోజనం చేసి వస్తుంటే, ఒక పోలీసు కారు ఆపాడు. భుజంగరావుగారు ముందు మన పరికరంలో ఊదారు. పచ్చదీపం. పోలీసు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సొంత పరికరం ఉంచుకోవాలన్న నిబంధన తమ దేశంలో ఎప్పుడో ఎత్తేశామని చెప్పి, తన దాంట్లో ఊదమన్నాడు. అది ఎంత చూపించిందో నివేదికలో లేదు. 'స్థానిక పరికరముతో అభిప్రాయభేదము కలిగినది' అని మాత్రం ఉంది. కారు వాళ్ళు తీసుకుపోయారు. మిగతా ప్రతినిధివర్గం పెట్టెలు మోసుకుంటూ ఎనిమిది కిలోమీటర్లు నడిచింది. దానికి నివేదికలో ఒక అధ్యాయమే ఉంది. పేరు 'పాదచారుల మర్యాదలపై క్షేత్రస్థాయి అధ్యయనం.'

తిరిగొచ్చాక విచారణ జరిగింది, జరగాలి కదా. పరువు పోయింది, ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. విచారణ చేసింది భుజంగరావుగారే, విషయం ఆయనకే బాగా తెలుసు కాబట్టి. పరికరాన్ని సరిగా పరీక్షించకుండా కొన్నాం. ఎందుకు పరీక్షించలేదు? వాడబోయే మనిషి తాగలేదు. ఎందుకు తాగలేదు? మెమో ధిక్కరించాడు. అక్కడితో తేలిపోయింది. 'ఈ అప్రతిష్టకు మూలకారణము శ్రీ నాంచారయ్య సకాలములో మద్యము సేవించకపోవుట. కావున ఆయన కాంట్రాక్టు, ఉత్తర్వు అందిన క్షణము నుండి రద్దు చేయడమైనది.'

కవరు నా చేతికి వచ్చింది. పట్టుకెళ్ళి ఇచ్చి రావాలి. ఉద్యోగం పోయిందని చెప్పే కాగితం అది. తాగమన్న కాగితం ఇచ్చిన చేత్తోనే, తాగనందుకు ఈ కాగితమూ ఇవ్వాలి. ఆ రోజు శుక్రవారం. మామూలుగా వెళ్ళే ధైర్యం లేక, ఏలూరు రోడ్డులో ఆగి రెండు పెగ్గులు వేసుకున్నాను. నాంచారయ్య జీపులో కూర్చుని ఎదురుచూశాడు.

"ఎక్కడికండీ?"

"మీ ఇంటికి."

నాంచారయ్య గేరు మార్చి జీపుని కృష్ణలంక వైపు తిప్పాడు.

గుమ్మంలో నాంచారయ్య ఊదాడు, లోపలికెళ్ళాడు. నేను నిలబడ్డాను.

"ఊదండి అంకుల్."

నేను నోరు తెరవలేదు. తెరవక్కర్లేదు కూడా. ఆమె చెయ్యి అలాగే అడ్డంగా ఉంది, పూర్తిగా చాపలేని చెయ్యి.

"మీరు రాకూడదంకుల్. మానేసిన్రోజు రండి."

కవరు జేబులో పెట్టుకుని వెనక్కొచ్చాను. సిగ్గుతో తల దించుకుని జీపు దాకా నడిచాక, మెల్లిగా బుర్ర పనిచేసింది. ఇంటి లోపల ఇస్తేనే అందినట్టు. అందితేనే రద్దు. మర్నాడు ఫైల్లో రాశాను: 'చిరునామాకు వెళ్ళడమైనది. ప్రవేశము లభించనందున ఉత్తర్వు అందజేయబడలేదు.' మళ్ళీ వెళ్ళమని రాశారు. మళ్ళీ వెళ్ళాను, ఆ సాయంత్రమూ ఏలూరు రోడ్డు మీదుగానే. ఆర్నెల్లుగా ప్రతి నెలా మొదటి శుక్రవారం విధి నిర్వహణకి ముందు రెండు పెగ్గులు తప్పనిసరిగా వేసుకుంటున్నాను. నాంచారయ్య ఇప్పటికీ మా డ్రైవరే.

పోయిన నెల భుజంగరావుగారికి అనుమానం వచ్చింది. 'ఉత్తర్వును మంగళవారం నాడు అందజేయవలెను' అని స్వహస్తాలతో రాశారు. మంగళవారం నేను ముట్టనని ఆయనకెలా తెలుసో రికార్డులో లేదు.

వెళ్ళాను. మంగళవారం ముట్టకుండా ఉండటం ఎప్పుడో మా అమ్మకిచ్చిన మాట, నాంచారయ్య ఉద్యోగం కోసమైనా ఆ మాట తప్పలేను. నాంచారయ్య చేత మెమోతో మాట తప్పించాలని చూసింది మేమే కదా, ఇప్పుడు నా మాట నేనెలా తప్పను? గుమ్మంలో నాంచారయ్య ఊదాడు. ఈసారి లోపలికి పోకుండా పక్కనే నిలబడ్డాడు. నేను నోరు తెరిచి ఊదాను. మధ్యాహ్నం తిన్న గోంగూర తప్ప అందులో ఏమీ లేదు.

దుర్గ కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు. తెరిచి, నా చేతిలో కవరు చూసింది. వాళ్ళ నాన్నని చూసింది. ఆ పిల్ల తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

"తాగారంకుల్," అంది. "బాగా తాగారు. వెళ్ళండి."

వచ్చి జీపులో కూర్చున్నాను. కవరు జేబులోనే ఉంది. నాంచారయ్య ఇంజను స్టార్టు చేశాడు. కళ్ళు తుడుచుకున్నాక, అద్దంలోంచి నన్ను చూశాడు.

"గట్టిగా పట్టుకుని కూర్చోండి అవతారంగారూ," అన్నాడు. "అసలే తాగున్నారు."